కిటికీలో కుక్కిన పుస్తకం

గోడ చల్లగా ఉంది.

అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. గోడలో కదలిక లేదు. సున్నం పొడి వేళ్ళకి అంటుకుంది... ఇంకా పొద్దుంది. మధ్యాహ్నందాకా ఈ గోడంత మంచి గోడ ఉండదు. మధ్యాహ్నందాకా ఈ ఊరంత మంచి ఊరూ ఉండదు.

అందుకే ఆయన్ని పొద్దున్నే తీసుకొచ్చాను.

తిరిగి ఎప్పుడు తీసుకెళ్ళాలో మాత్రం నా ఇష్టం. కారు తాళాలు నా దగ్గరున్నాయి.

గీతలాయన — మా ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే అనేవాళ్ళు. ఈ ఊరిని గీసినవాడు. ఇప్పుడు ఖాళీ వీధిలో చేతికర్ర ఊపుకుంటూ నడుస్తున్నాడు. తెల్ల చొక్కా. చెవిలో చిన్న వినికిడి మిషను. జేబులో పెన్ను. మనిషి ముసలాడయ్యాడు గానీ ఆ నోరు ముసలిది కాలేదు.

"చూశావా అమ్మాయ్! ఆ నీడ చూడు, ఆ నీడ! ఎక్కడ పడాలని గీశానో అక్కడే పడింది."

నిజమే. అక్కడే పడింది. కాదంటే కళ్ళు పోతాయి.

ఊరు గుండ్రంగా ఉంటుంది. నడిమధ్యన బురుజు. ఎత్తైన బురుజు, ఒంటినిండా సన్నటి చీలికలు. దాని చుట్టూ వలయాలుగా ఇళ్ళు. ఏ వీధి పట్టుకున్నా తిన్నగా బురుజు దగ్గరికే పోతుంది. ప్రతి ఇంటికీ బురుజు వైపు ఒక సన్నటి కిటికీ — రెక్కల్లేవు, అద్దం లేదు, ఉత్త కంత. ఆయన పుస్తకంలో ఈ బొమ్మ కింద ఒక మాట రాసుంటుంది. ఇక్కడ గాలి పాడుతుంది.

పాడింది. పాడకేం!

మా అమ్మ వసపిట్ట.

బట్టలు కుట్టేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడేది — ఒక్క సూది జారకుండా, ఎదురింటావిడ ఆడపడుచు దగ్గర్నుంచి ఊరి పెద్దాయన బట్టతల దాకా. కొలతలకి వచ్చినవాళ్ళు కొలతలైపోయినా కదిలేవాళ్ళు కాదు. "మీ అమ్మ నోరు మూస్తే గానీ నాకు నిద్ర పట్టదే" అనేవాడు నాన్న. ముచ్చటపడుతూ అనేవాడు.

తర్వాత ఈ ఊరొచ్చాం.

నాన్న గనిలో పని. గనివాళ్ళే ఇళ్ళిచ్చారు. కొత్త ఇళ్ళు, సున్నం వాసన ఇంకా పోలేదు. తాళంచెవితో పాటు ఇంటికొక పుస్తకం కూడా ఇచ్చారు — గీతలాయన పుస్తకం. లావుపాటిది, గుడ్డ అట్ట. ఆయన ఊహించిన ఊళ్ళన్నీ అందులో ఉన్నాయి. కట్టింది మాత్రం మాదొక్కటే.

మొదటిరోజు మధ్యాహ్నం అమ్మ ఏదో చెప్తోంది. మధ్యలో గాలి లేచింది.

ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే వస్తుందే, ఆ చప్పుడు. ఊరంత సీసా. బురుజు చీలికల్లోంచి వీధుల్లోకి, వీధుల్లోంచి కిటికీల్లోకి, కిటికీల్లోంచి ఎముకల్లోకి... అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఒక్క ముక్క వినపడటం లేదు. అరిచింది. నవ్వింది. మళ్ళీ అరిచింది. చివరికి చేత్తో సైగ చేసింది — తర్వాత చెప్తాలే.

తర్వాత చెప్తాలే...

ఆ సైగ ఊరంతా నేర్చుకుంది.

గాలి లేచేముందు గోడ వణుకుతుంది. చాలా కొంచెం. అరచేతికి తప్ప తెలియదు. అందుకని ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఊళ్ళో ప్రతివాళ్ళూ ఒక చెయ్యి గోడకి ఆనించి మాట్లాడేవాళ్ళు. గోడ వణికిందా — చెప్పేదేదో గబగబా చెప్పెయ్యడమే. బేరమైనా, తగువైనా, బుజ్జగింపైనా సరే, అక్కడికి ఆగిపోవాలి. మిగతాది గాలి తగ్గాక. గాలి పొద్దుగుంకాక గానీ తగ్గదు. అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? పోనీలే అనుకునేవాళ్ళు. పోనీలే, పోనీలే అనుకుంటూ పొద్దున్నపూట మాట్లాడటం కూడా తగ్గించేశారు.

అమ్మ నోట్లో సూదులే మిగిలాయి. కొలతలకి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకరోజు ఆ పుస్తకం తీసింది అమ్మ. కిటికీలో పెట్టి చూసింది. అరచేత్తో గుద్ది గుద్ది కుక్కింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చప్పుడు కాస్త తగ్గింది... కాస్తే. ఎదురింటావిడ చూసింది. ఆవిడా కుక్కింది. నెల తిరక్కుండా ఊళ్ళో అన్ని కిటికీల్లోనూ గీతలాయన పుస్తకమే.

నేను పొద్దున్నే దాన్ని కిటికీలోంచి ఊడబెరికేదాన్ని. గోడ వణికేలోపు మళ్ళీ కుక్కెయ్యాలి. ఆ మధ్యలో చూసినంత చూడటమే.

అబద్ధమెందుకు — ఆ బొమ్మలంటే నాకు ప్రాణం. మబ్బుల్లోకి ఎక్కిపోయే మెట్లు. తాళ్ళమీద వేలాడే బజారు. కొండ కడుపులో తొలిచిన గ్రంథాలయం, దాని పైకప్పుకి ఒకే ఒక్క కన్నం, అందులోంచి దిగే వెలుగు... అంత సన్నటి గీత గియ్యాలంటే ఊపిరి బిగబట్టి ఉంటాడు. నేనూ ఊపిరి బిగబట్టే చూసేదాన్ని. ఇప్పటికీ అలాంటి పుస్తకం ఎక్కడ కనబడినా వదల్ను. నా గదినిండా ఎవరూ కట్టని ఊళ్ళే. అట్ట తెరిస్తే చాలు, ఒళ్ళు పులకరిస్తుంది. కాగితం మీద ఉన్నంతకాలం అవి ఎవరి జోలికీ రావు.

ఆ బొమ్మల్లో మనుషులు కూడా ఉంటారు. గోరంత మనుషులు. గొడుగులుంటాయి, టోపీలుంటాయి. నోళ్ళుండవు. పెన్సిలు పెట్టి అందరికీ నోళ్ళు గీశాను నేను.

గీతలాయన అప్పుడప్పుడూ వచ్చేవాడు, ఫొటోలవాళ్ళని వెంటేసుకుని. ఎప్పుడొచ్చినా పొద్దున్నే. "ఎలా ఉందమ్మా మన ఊరు?" "బావుంది సార్." పొద్దున్న బావుండేది మరి! భోజనాలవేళకి వెళ్ళిపోయేవాడు. నాన్నా ఇంకొందరూ కలిసి ఒకసారి ఆయన ఆఫీసుకే వెళ్ళారు. గాలి సంగతి చెప్పారు. ఆయన నవ్వాడట. "సంగీతం ఎవరికైనా మొదట్లో అంతే. అలవాటు పడతారు" అన్నాడట. పెడచెవిన పెట్టాడు. ఆ మాట మాకు చెప్తూ నాన్న నేలమీద ఉమ్మాడు. ఇంట్లో నాన్న ఉమ్మడం నేను చూసింది అప్పుడే.

ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. గని బాగానే నడుస్తోంది, జీతాలూ బాగానే వస్తున్నాయి. అయినా వెళ్ళిపోయారు. గనివాళ్ళు చివరికి దూరంగా రేకుల షెడ్లు వేశారు. జనం ఆ షెడ్లలో ఉక్కపోతకి చస్తూ, హాయిగా కబుర్లాడుకుంటూ బతికారు. మేమూ అక్కడికే వెళ్ళాం. పుస్తకం కిటికీలోనే ఉండిపోయింది.

అమ్మ మాట మాత్రం మాతో రాలేదు.

ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు నాతోనే ఉంటుంది. కుడుతుంది. అడిగితే తలూపుతుంది. నాన్న పోయినప్పుడు కూడా నోరు తెరిచి ఏడవలేదు. మధ్యాహ్నమైతే లేచి మా గోడకి చెయ్యి ఆనిస్తుంది — ఎక్కడి గాలి, ఎక్కడి బురుజు! — అలాగే నిలబడిపోతుంది. చూసిన ప్రతిసారీ ఒకటే అనుకుంటాను. ఆ ముసలాడి తిక్క కుదరాలి. ఆ ముసలాణ్ణి తెచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి. ఆ ముసలాడి నోట మాట పడిపోవాలి... ఏళ్ళ తరబడి నాకు ఇదే జపం.

పాడుబడ్డ ఊళ్ళు తిరగడం నాకొక జబ్బు. సెలవు దొరికితే చాలు, పోతాను. రైలు ఆగడం మానేసిన ఊరు. ఏరు దారి మార్చుకుంటే ఒడ్డున మిగిలిపోయిన ఊరు. బడిలో నల్లబల్ల మీద సగం చెరిపిన లెక్క. మంగలి కొట్లో పగిలిన అద్దం, దాని ముందు కుర్చీ... ఎక్కడికెళ్ళినా ముందు గోడకి చెయ్యి ఆనిస్తాను. ఏ గోడా వణకదు. అవన్నీ మామూలు చావు చచ్చిన ఊళ్ళు. మా ఊరికీ వస్తారు జనం, మెడలో కెమెరాలేసుకుని. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంటారు. మధ్యాహ్నం కాగానే చెవులు మూసుకుని కార్లలో పడతారు.

పుస్తకాలు అచ్చువేసే చోట నా పని. పేజీలు కూర్చుతాను. మొన్న గీతలాయన పుస్తకం కొత్త అచ్చుకి మా దగ్గరికే వచ్చింది. దేవుడున్నాడు అనుకున్నాను.

మా ఊరి బొమ్మ ఉన్న పేజీలో ఆయన కొత్తగా ఒక వాక్యం కలిపాడు.

ఈ నగరానికి తగిన మనుషులు దొరకలేదు.

చదివాను. మళ్ళీ చదివాను. దొరకలేదట. మా అమ్మ తగిన మనిషి కాదట.

అంతటితో అయిందా? ఇదే బొమ్మ పట్టుకుని ఇంకో ఊరు కడతారట. ఎక్కడో చెట్టూ చేమా లేని నేల చూశారట. ఈసారి బురుజు ఇంకా ఎత్తట. కొత్త పుస్తకం రావడం, పునాది తవ్వడం ఒకేసారట. బొమ్మ ఆయన సొత్తు, ఆయన ఆ పేజీ వద్దంటే ఊరూ ఉండదు.

నేనే తీసెయ్యొచ్చు. ఒక్క మీట నొక్కితే పోతుంది. కానీ నేను తీసేస్తే మళ్ళీ పెట్టిస్తాడు. ఆయన పెన్నుతో ఆయనే అడ్డంగా కొట్టెయ్యాలి.

"అట్టమీదికి మీ ఫొటో కావాలి సార్. మీ ఊళ్ళో మీరు నిలబడి ఉన్నట్టు." ఆయనకి ఫోన్ చేసి అడిగాను. ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వెంటనే వస్తానన్నాడు.

బయల్దేరేముందు అమ్మతో చెప్పాను, గీతలాయన్ని మన పాత ఇంటికి తీసుకెళ్తున్నానని. అమ్మ చేతిలో బట్ట ఆగింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది.

"సాయంత్రందాకా ఉంచు" అంది.

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. బొంగురుపోయింది. నేను కారెక్కి కాసేపు ఊరికే ఏడ్చాను.

అదీ, ఇదిగో మా పాత ఇంటి గుమ్మం దగ్గరికి మేం వచ్చిన దారి.

లోపల ఇసుక. అమ్మ కుట్టుమిషను ఉన్నచోట నేలమీద దాని కాళ్ళ గుంటలు. ఊళ్ళో మిగతా పుస్తకాలన్నీ వచ్చేపోయేవాళ్ళు పట్టుకుపోయారు. మాది కదల్లేదు. అమ్మ కుక్కుడంటే అది. ఎక్కడ పట్టి లాగాలో నాకు తెలుసు గనక ఊడబెరికాను. ఆయన చేతుల్లో పెట్టాను.

అట్ట చూశాడు. మొహం మాడిపోయింది.

"నా పుస్తకం! కిటికీలోనా? ఎవరు చేశారీ పని?"

"మా అమ్మ. ఇది మా ఇల్లు సార్."

మొదటిసారి నా మొహంలోకి చూశాడు. ఉబ్బిపోయిన పేజీలు తిప్పాడు. మా ఊరి బొమ్మ. బురుజు చుట్టూ గోరంత మనుషులు. అందరికీ నోళ్ళు.

"పిల్లలు పాడుచేశారు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి కొత్త పేజీ ప్రూఫు తీసి ముందు పెట్టాను. "ఇది కొట్టెయ్యండి సార్. పేజీ మొత్తం." గాలి గురించి చెప్పాను. అమ్మ గురించి చెప్పాను. నాన్న ఉమ్మిన ఉమ్ము గురించి కూడా చెప్పాను. విన్నాడు. చెవి మిషను సర్దుకుని మరీ విన్నాడు.

"పాపం. అయినా నేను రాసింది అదేగా అమ్మాయ్! మీవాళ్ళు ఉండలేకపోయారు. ఈసారి మనుషుల్ని చూసి ఏరుతారులే."

ఏరుతారట. గింజల్లో రాళ్ళు ఏరినట్టు.

"పద, భోజనాలవేళయింది."

నేను కదల్లేదు. మంచినీళ్ళు ఇచ్చాను. కిటికీ కింద అరుగు దులిపి కూర్చోమన్నాను. నిలబడే ఓపిక లేక కూర్చున్నాడు. కారు తాళాలు అడిగాడు. వినపడనట్టు ఊరుకున్నాను... ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే.

గోడకి చెయ్యి ఆనించాను.

వణికింది.

నాకు నవ్వొచ్చింది. చాలా సంతోషంగా ఉంది, దాచేదేముంది! గాలి లేచింది. అమ్మో... అదే చప్పుడు. అన్నేళ్ళూ నాకోసం దాచిపెట్టినట్టు అదే చప్పుడు. బురుజులోంచి వీధిలోకి, వీధిలోంచి కిటికీలోకి. కిటికీలో ఇప్పుడు పుస్తకం లేదు. ఆయన ఉలిక్కిపడ్డాడు. నోరు తెరిచాడు. రెండు చెవులూ మూసుకున్నాడు. చూడవే, కళ్ళారా చూసుకో, ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి...

అప్పుడు తీశాడు — చెవిలోంచి మిషను. తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మొహం తేటపడింది.

హాయిగా గోడకి దూరంగా జరిగి కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. చేత్తో సైగ చేశాడు.

తర్వాత చెప్తాలే.

అమ్మ సైగ! అమ్మ సైగ చేస్తాడా వీడు!

మణికట్టు పట్టుకున్నాను. ముడిచిన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. ఆ అరచెయ్యి — ఊపిరి బిగబట్టి గీతలు గీసిన అరచెయ్యి — గోడకేసి నొక్కాను. పైన నా చెయ్యి పెట్టి నొక్కాను.

గోడ ఊగిపోతోంది. అరచేతిలోంచి మోచేతికి, మోచేతిలోంచి భుజానికి, భుజంలోంచి దవడకి... ఆయన పళ్ళు కొట్టుకోవడం నాకు కనబడుతోంది. నవ్వు పోయింది. చెయ్యి లాక్కోబోయాడు. వదల్లేదు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. మళ్ళీ అన్నాడు. చాలు అన్నాడో, వదులు అన్నాడో, తప్పయింది అన్నాడో... నాకు వినపడలేదు. ఆయనకీ వినపడి ఉండదు.

ప్రూఫు కాగితం ఎగిరిపోబోయింది. కాలితో తొక్కిపెట్టాను.

ఆయన రెండో చెయ్యి జేబులోకి వెళ్ళింది. చెవి మిషను ఆ జేబులోనే ఉంది. పెన్నూ ఆ జేబులోనే ఉంది. వేళ్ళు వెతుకుతున్నాయి.

సాయంత్రం కావడానికి ఇంకా చాలాసేపుంది.

గోడ వేడెక్కింది. నేను చెయ్యి తియ్యలేదు.