చిలక్కొయ్య మీది పలుపు

నేను ఒక పలుపును. గొడ్డు మెడకు కట్టే తాడును. మీలో చాలామంది గొడ్డును చూసి ఉంటారు గానీ నన్ను చూసి ఉండరు. అందుకు నాకేమీ కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

జనుము చేలో పుట్టాను. కోసి కట్టలు కట్టి మడుగులో నానేశారు. కుళ్ళిందాకా ఆగి, బండకేసి బాది నార ఒలిచారు, ఆపైన మెలితిప్పి పేనారు. మనుషుల చేతిలో ఏదైనా పనికిరావాలంటే ముందు కుళ్ళాలి, తర్వాత దెబ్బలు తినాలి కాబోలు. పేనినవాడు నన్ను సంతకు తెస్తే ఎర్రగుంటపాలెం పేరయ్య కొన్నాడు. బేరం ఆడీ ఆడీ, చివరికి మొదట చెప్పిన ధరకే కొన్నాడు.

ఇంటి పెత్తనం మాత్రం పేరయ్యది కాదు, అతని భార్య మస్తానమ్మది. ప్రకాశం జిల్లా మెట్ట ఊరు అది. వాన పడితే పంట, లేకపోతే పాలు. ఆమె దగ్గర ఒకే ఒక గేదె ఉండేది. నన్ను దాని మెడలో వేసిన ఏడాదే పాలు పెరిగాయి, పూరిల్లు పోయి రేకుల ఇల్లు వచ్చింది. గేదె మేసింది, పేరయ్య గడ్డి మోశాడు, మస్తానమ్మ నడుం విరిగేలా పని చేసింది. పేరు మాత్రం నాకు వచ్చింది. "ఈ పలుపు వచ్చిన యేళ మంచిది" అని ఆమె అందరికీ చెప్పేది. నేను చేసిందల్లా మెడలో వేలాడటమే.

ఒకటే కొరత. ఆ గేదె ఎన్నిసార్లు ఈనినా దున్నదూడనే వేసింది. తన కొట్టంలో పుట్టిన పెయ్య తన చేతుల మీద పెరిగి, పాలిచ్చి, దాని కడుపున మళ్ళీ పెయ్య పుట్టాలని మస్తానమ్మ ఆశ. అప్పుడిక ఎవరి గడపా తొక్కకుండా, ఎవరినీ అడక్కుండా మంద పెరుగుతుంది. ఆమె జీవితంలో పెద్ద కోరిక అదే. పొద్దున పాలు పితికేటప్పుడు గేదెతో చెప్పుకునేది, నేను వింటూ ఉండేవాణ్ణి.

ఆ కార్తీకంలో ఊళ్ళోకి గాలికుంటు వచ్చింది. అంతకుముందు పశువుల ఆసుపత్రివాళ్ళు టీకా వేస్తామని ఇంటిముందుకు వస్తే, సూది పొడిస్తే పాలు తగ్గుతాయని మస్తానమ్మ గేదెను చేలోకి తోలేసింది. జబ్బు మాత్రం చేలోకి తోలితే పోయేది కాదు. గేదె నోరు పొక్కింది, గిట్టల మధ్య పుళ్ళు లేచాయి. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారింది. అదంతా నా మీదే కారింది. నార కదా, పీల్చుకున్నాను.

గేదె బతికింది గానీ పాలు పడిపోయాయి. మార్గశిరంలో బేరగాడికి అమ్మేశారు. మా వైపు ఒక ఆచారం ఉంది. గొడ్డును అమ్మినా పలుపును అమ్మరు. పలుపుతో పాటే ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుందని భయం. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. మస్తానమ్మ నన్ను విప్పి కళ్ళకద్దుకుని, పసుపు పూసి బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన చిలక్కొయ్యకు తగిలించింది. ఎండ పొడ సోకని గది అది. కింద నీళ్ళ కుండలు. చలికాలం. నాలోని తడి ఆరనే లేదు.

ఆ తడిలో ఏదో ఉందని నాకు తెలుసు. దాన్ని ప్రాణం అనాలో కాదో ఇప్పటికీ తెలియదు. తినదు, కదలదు, పిల్లల్ని పెట్టదు. ఒక నోటి కోసం ఎదురు చూస్తుంది, అంతే. నాకూ ఎదురుచూడటం తప్ప వేరే పని లేదు. ఇద్దరం అలా చీకట్లో వేలాడాం. నన్ను తీసి రెండు పూటలు ఎర్రటి ఎండలో పడేసి ఉంటే అది మాడి చచ్చేది. కానీ మస్తానమ్మకు నేనంటే ప్రేమ. ఎండకు నార చివుకుతుందని నీడన పెట్టింది.

ఆమె శుభ్రం లేని మనిషి అనుకునేరు. మొన్నామధ్య మనుషులకు పెద్ద జబ్బు వచ్చినప్పుడు కరివేపాకును కూడా సబ్బు నీళ్ళలో ముంచింది ఈమె. గేదెను అమ్మాక కొట్టమంతా సోడా నీళ్ళతో కడిగింది, గోడలకు సున్నం కొట్టించింది, కట్టుగొయ్య పీకించి కొత్తది పాతించింది. నన్ను మాత్రం ముట్టుకోలేదు. దేవుడి పక్కన ఉన్నదాన్ని ఎవరు కడుగుతారు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ ఆయన పక్కనే వేలాడుతున్నా పట్టలేకపోయాడు.

నెల తిరగకముందే పేరయ్య చూడి పడ్డను, తొలిచూలు గేదెను, తోలుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది, నేడో రేపో ఈనేలా ఉంది. మెడలో కొత్త నైలాను తాడు.

"ఈ ప్లాస్టిక్కు తాడేందయ్యా, ఉరితాడు మాదిరి!" అని మస్తానమ్మ దాన్ని విప్పి దడి మీద ఎండలో పడేసింది. నన్ను తెచ్చి పడ్డ మెడకు కట్టింది. "ఈసారి పెయ్యేనమ్మా. నా పలుపు మీద నాకు నమ్మకం" అంది.

పడ్డ మెడ తిప్పి నన్ను నాకింది. నాకు నోరుంటే అప్పుడే అరిచి ఉండేవాణ్ణి.

కొద్ది రోజులకే పడ్డ గడ్డి ముట్టడం మానేసింది. మళ్ళీ అదే చొంగ. మస్తానమ్మ దిష్టి తీసింది, అమ్మినవాణ్ణి తిట్టింది. పశువుల డాక్టరమ్మ ఝాన్సీ వచ్చి నోరు తెరిచి చూసింది.

"కొట్టంలో పాతవి ఏమన్నా మిగిలాయా?"

"ఏం లేవు తల్లీ. మొత్తం కడిగినా. ఆ కొయ్య గూడా కొత్తదే."

డాక్టరమ్మ చూపు నా మీద పడింది. "ఈ పలుపు?"

"దాన్నేం అనబాకమ్మా. అది దేవుడి కాడ ఉన్నది."

"అక్కడే బతికింది మరి. ఈ వైరసుకు ఎండంటే భయం, మరిగే నీళ్ళంటే ఇంకా భయం. చల్లగా, తడిగా, నీడన ఉంటే మాత్రం వారాల తరబడి ఉంటుంది. మీరు దాన్ని జాగ్రత్తగా దాచిపెట్టారు."

డాక్టరమ్మ నన్ను విప్పించి, ఎండలో పడున్న నైలాను తాడే కట్టించి, ఈ జబ్బు లేగదూడల గుండెను పట్టేస్తుందని, ఈనితే దూడను తల్లికి దూరంగా ఉంచమని చెప్పి వెళ్ళింది.

తెల్లవారేసరికి పడ్డ ఈనేసింది. మస్తానమ్మ వచ్చేటప్పటికే తల్లి దూడను నాకి నాకి శుభ్రం చేసింది, దూడ లేచి పాలు కుడుస్తోంది. పెయ్య. నుదుటి మీద తెల్లటి చుక్క. మస్తానమ్మ దాన్ని ఎత్తుకుని వసారాలో పడుకోబెట్టి వేలితో పాలు చీకించింది. నాలుగో రోజు పొద్దున పెయ్య లేచి నిలబడింది, రెండడుగులు వేసి, ఎవరో తోసినట్టు పడిపోయింది. మళ్ళీ లేవలేదు. మస్తానమ్మ ఏడవలేదు. దాని నుదుటి చుక్కను ఒకసారి తడిమి, గోనెపట్టా కప్పింది. నాకు మాత్రం బాధగానే ఉంది. ఎక్కడని అడిగితే చెప్పలేను, ఒళ్ళంతా నారే కదా.

"పొయ్యిలో పెట్టెయ్ దాన్ని" అన్నాడు పేరయ్య నన్ను చూపించి.

ఆమె పెట్టలేదు. పెద్ద డేగిసాలో నీళ్ళు పోసి, చాకలిసోడా వేసి, నన్ను అందులో పడేసి మంట ఎగదోసింది. నీళ్ళు తెర్లాయి. నాలోనిది ఎంతోసేపు నిలవలేదు. ఎన్నో వారాలు ఓపిగ్గా కాచుకున్నది అంత సులువుగా పోవడం నాకే వింతగా తోచింది. పసుపు పోయింది, బొట్టు పోయింది. లక్ష్మి సంగతి నాకు తెలియదు, ముందు మాత్రం ఉన్నదా?

పడ్డ కోలుకుంది గానీ పాలకు నిలవలేదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో బేరగాడు మళ్ళీ వచ్చాడు. మస్తానమ్మ దాని మెడలో ఉన్న నైలాను తాడు విప్పింది. ఆచారం ప్రకారం అట్టిపెట్టుకుంది. అయితే దేవుడి గదిలోకి వెళ్ళలేదు, నేరుగా పొయ్యి దగ్గరకు పోయి డేగిసా ఎక్కించింది.

పక్కింటి ఆదిలక్ష్మి దడి మీంచి చూసి పకపకా నవ్వింది. "ఏంది మస్తానమ్మక్కా, పలుపుకు పులుసు పెడతన్నావా?"

"లక్ష్మైనా తానం చేసే గదా ఇంట్లోకి రావాల" అంది మస్తానమ్మ, మంట ఎగదోస్తూ.

ఆదిలక్ష్మి నవ్వు ఆపేసింది. మర్నాడు ఆమె కూడా తన గొడ్ల పలుపులు ఉడకబెట్టిందని విన్నాను. నేనిప్పుడు దడి తడికకు కట్టుగా ఉన్నాను. రోజంతా ఎండ తగులుతుంది, నార చివికిపోతోంది. ఇంకే మెడా నాకు వద్దు. మస్తానమ్మ అన్నమాట అప్పుడప్పుడు గుర్తొస్తుంది. మంచి మాటే. కాకపోతే ఒక పెయ్య ప్రాణమంత ఆలస్యంగా వచ్చింది.