వంతెనల దళం బిళ్ళ

పిచ్చి ముదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికెవడో. ఈ ఇంట్లో రోకలి లేదు కాబట్టి సరిపోయింది గానీ, మిగతాదంతా ఉందని ఇల్లాలి గట్టి నమ్మకం. బట్టల బీరువాలో బట్టలకి చోటు లేదు. ఏ సొరుగు లాగినా పాతకాలం సైనికులు భుజానికి కుట్టుకున్న గుడ్డబిళ్ళలే. డేగ బొమ్మవి, గొడ్డలివి, మెరుపువి, ఏ జంతువో కుట్టినవాడికే తెలియనివి. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఆవిడ మొగుడు. పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఏ దళాన్ని ఏ ఏడు రద్దు చేశారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అన్నిటికీ మూలం మామగారు. కుర్రతనంలో యుద్ధానికి వెళ్ళి, వంతెనలు కట్టే చిన్న దళంలో పనిచేశాననీ, నడుంలోతు బురదలో దుంగలు మోశాననీ చెప్పేవాడు. ఆ దళం ఏడాదైనా నిలవలేదు. కాగితాలు ఎక్కడ పోయాయో తెలీదు. ఏ ఆఫీసుకి రాసినా "అలాంటి దళమేదీ లేదు" అని ఒకటే జవాబు. ముసలాయన కోతలు కోస్తున్నాడని చుట్టాలంతా నవ్వారు. ఆ నవ్వులు వింటూనే ఆయన పోయాడు. అప్పట్నుంచీ ముప్పై ఏళ్ళుగా, తండ్రి గీసి చూపించిన రెండు కమానులూ మధ్యలో చేపా ఉన్న బిళ్ళ కోసం కొడుకు వెతకని పాతబట్టల కొట్టు లేదు.

పోయిన నెల దొరికింది, ఓ చిరిగిన కోటు భుజం మీద. మట్టైనా దులపకుండా విప్పి పెట్టెలో దాచాడు మాస్టారు. మ్యూజియం నుంచి పరీక్షకుడు వచ్చి చూస్తానన్నాడు. ఇది అసలుదే అని ఆయన రాస్తే, అక్కడి గోడమీది దళాల వరసలో ఇదీ చేరుతుంది. మామగారు అబద్ధాలకోరు కాదని తేలిపోతుంది.

అంత పెద్దమనిషి వస్తుంటే ఆ మట్టిముద్దనా చూపించడం? ముందురోజు మొగుడు భూతద్దం కొనడానికి వెళ్ళగానే, ఆవిడ బిళ్ళని సబ్బుపొడి నీళ్ళలో నానబెట్టింది. పాత పళ్ళ బ్రష్షుతో సుతారంగా రుద్ది, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ పెట్టెలో పెట్టింది. చేప కన్ను కూడా కనిపించింది.

మర్నాడు పరీక్షకుడి ముందు పెట్టె తెరిచిన మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. భార్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆవిడ, మెచ్చుకోలు కాబోలనుకుంది.

పరీక్షకుడు కిటికీలు మూయించి, చిన్న ఊదారంగు లైటు వేశాడు. బిళ్ళ నీలంగా ధగధగలాడింది.

"సారీ మాస్టారూ, పాత దారం ఇలా వెలగదు. ఇది ఈమధ్య కుట్టింది."

"ఏమండీ, ఏదో ఒకటి చెప్పండి మరి!" అంది ఆవిడ. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది. "దారం కొత్తదైతేనే వెలుగుతుందా? ఇంకెందుకూ వెలగదా?"

"సబ్బుపొడితో ఉతికినా వెలుగుతుందమ్మా. అందులో తెలుపు తెచ్చే మందుంటుంది. కానీ ఇలాంటివి దాచుకునే ఇంట్లో ఉతికేదెవరు?"

మొగుడి మౌనం ఆవిడకి అప్పుడర్థమైంది. ముప్పై ఏళ్ళ కష్టం మట్టిలో కలుస్తున్నా, పరాయివాడి ముందు పెళ్ళాన్ని అల్లరి పెట్టకూడదని నోరు కుట్టేసుకున్నాడు. ఏం మనిషండీ ఈయన!

"నేనే ఉతికాను," అంది.

పరీక్షకుడు నిట్టూర్చాడు. "మట్టైనా ఉండుంటే, ఏ నది ఒడ్డుదో తేల్చేవాళ్ళం. ఇప్పుడు అసలుదనీ అనలేను, నకిలీ అనీ అనలేను. ఉతికినట్టు మీరు రాసి సంతకం పెడితే, బిళ్ళనీ ఆ కాగితాన్నీ కలిపి ఫైలులో ఉంచుతాం."

తప్పు ఒప్పుకోవడం ఆవిడ పుట్టింట్లోనే లేదు. అయినా ఏ పొడి వేసిందో, ఎంతసేపు నానబెట్టిందో, అంతా రాసి, చివర 'తప్పు నాదే' అని సంతకం పెట్టింది. పరీక్షకుడు దాని కింద తన మాట రాసి, నకలు ఒకటి ఇచ్చి, బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు వేసీ వేయగానే ఆవిడ బావురుమంది. "తిట్టండి! కనీసం ఓ గ్లాసైనా విసిరేయండి! మీ నాన్న మాటని నిజం చేసే ఒక్క ఆధారాన్ని బకెట్లో ముంచాను. ఇంకా ఆ కాగితమెందుకు చూస్తారు?"

మాస్టారు కొత్త భూతద్దం పరీక్షకుడు రాసిన ఒక్క వాక్యం మీదే పెట్టి ఉన్నాడు. దళం ఉనికి సందేహాస్పదం, అని ఉందక్కడ.

"సందేహం అన్నారే!" అన్నాడు, కాగితం ఎత్తి చూపిస్తూ. "ఇన్నేళ్ళూ లేదన్నారు. ఇవాళ 'ఏమో' అన్నారు. నాన్న ఉంటే ఈ 'ఏమో'కే ఊరంతా తిరిగి చెప్పేవాడు."

తిట్టకపోగా ఆయన సంతోషపడుతుంటే, ఆవిడ మరీ ఒళ్ళు మండి, ఇంకా గట్టిగా ఏడ్చింది.