ఫోటోలో వీపు

ఆదివారం మధ్యాహ్నాలు కనకమహాలక్ష్మి తన స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు తీయదు. ఆ పూట మనుషుల ఒంటిని నలుపు తెలుపుల్లో తీస్తుంది. మూటలు మోసిన భుజాలు, ముసలి మోకాళ్లు, నిండు నెలల పొట్ట. ఆమె తీసిన ఒళ్లు ఫోటోలో కూడా ఊపిరి తీసుకుంటుంటాయి. నర్సీపట్నంలో దానికెవరూ ఆశ్చర్యపోరు. ఎదుటి టీకొట్టు బుల్లిబాబు గోడకున్న ఫోటో చూసి, "మా యమ్మ భుజాలు ఎగిరెగిరి పడతన్నాయి, మళ్లీ దగ్గొచ్చినట్టుంది" అని ఇంటికి ఫోన్ చేస్తుంటాడు, అంతే.

ఆ ఆదివారం ఆమె దీనా ఫోటోకి ఫ్రేము బిగిస్తోంది. దీనా బడిలో టీచరు. ఫోటోలో మొహం కనపడదు. మెడ నుంచి నడుం దాకా వట్టి వీపు, దాని మీద వాలుగా కిటికీ వెలుగు. విశాఖలో జరిగే ప్రదర్శనకి ఎంపికైంది.

తలుపు దబ్బున తెరుచుకుంది. దీనా అన్న ప్రభుకుమార్. చర్చికి వేసుకెళ్లిన తెల్లచొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది.

"ఏదండీ ఆ ఫోటో? ఇలాగిచ్చీండి."

"ఎందుకు?"

"సింపీడానికి. మా సెల్లి వీపు ఊరందరికీ సూపిస్తారా? ఇంట్లో దానికీ నాకూ ఇప్పటిదాకా ఇదే గొడవ. గదిలోకెల్లి గడియేసుకుంది."

"తను ఇష్టపడి తీయించుకుందండీ. తనొచ్చి అడిగితే ఇస్తాను."

అతను ఫ్రేము లాక్కుని నేలకేసి కొట్టబోయాడు. ఆగిపోయాడు.

ఫోటోలో వీపు ఎగిసిపడుతోంది. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి.

"ఆయాసం," అన్నాడు. చిన్నప్పుడు అది వచ్చిన రాత్రుళ్లు ఆ వీపు నిమిరి నిమిరి నిద్రపుచ్చినవాడు. ఫోన్ చేశాడు. దీనా ఎత్తలేదు. మళ్లీ చేశాడు. "అమ్మ కూడా లేదండీ, యలమంచిలి ఎల్లింది."

"బేగి వెళ్లండి!"

బండి చప్పుడు దూరమైంది. కనకమహాలక్ష్మి ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎగిసిపాటు తగ్గుతుంటే ముందు నిమ్మళించింది. అంతలోనే అర్థమైంది. అది కుదుటపడటం కాదు, అలిసిపోవడం. వీపు ఒకసారి కదిలి చాలాసేపు ఊరుకుంటోంది.

"తీసుకోమ్మా, ఇంకొక్కటి తీసుకో" అంటూ ఆమె అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

ఎంతసేపటికో ఫోన్ మోగింది.

"తలుపు ఇరగ్గొట్టి ఆసుపత్రికి తెచ్చీసినాను మేడమ్. లోపలికి తీసుకెల్లిపోయారు. నన్ను రానివ్వట్లేదు. ఎలాగుందో సూసి సెప్పండి."

ఆమె చూసింది. వీపు కదలడంలేదు.

"మేడమ్?"

ఆమె ఫ్రేమును కిటికీ వెలుగులోకి తిప్పింది. అప్పుడు రెండు రెక్క ఎముకల నడుమ నీడ సన్నగా విచ్చుకుంది. పక్కటెముకలు నిండాయి, మెల్లగా దిగాయి. మళ్లీ నిండాయి.

"ఊపిరి తీసుకుంటోంది," అంది. "లోతుగానే తీసుకుంటోంది."

అవతల అతను వెక్కుతున్నాడు. "ఫోను పెట్టీకండి. సూస్తా ఉండండి. సెప్తా ఉండండి."

ఆమె చెబుతూనే ఉంది. తీసుకుంది. వదిలింది. తీసుకుంది.