ముళ్ళకంచె దాటిన ఊట

కత్తలిన్ ఇరిగారై ఈల వేసిందంటే మూడు కొండల అవతల మేస్తున్న గొర్రె కూడా నమలడం ఆపి తల తిప్పేది. నెవాడాలో ఆ మూలకు వెళ్ళి ఎవర్నైనా అడగండి, మూడేమిటి, ఐదు కొండలంటారు. తెల్లవారకముందే లేవడం, కాఫీ మరిగించడం, మందనంతా ఒక్క చూపుతో తడిమి "కుంటిది కనబడదేం?" అని అరవడం, ఇదీ ఆవిడ దినచర్య. భర్త పోయాక మరిది బెట్రి తోడున్నాడు. బంగారంలాంటి మనిషి, కాకపోతే ఒక పని చక్కబెట్టేలోగా రెండు పనులు చెడగొడతాడు. ఇక బెల్చ అని ఒక నల్లకుక్క. అది మందను తోలుతుంటే దుమ్ము కూడా వరస తప్పకుండా లేచేది.

వీళ్ళందరి ప్రాణం కొండ కింది ఊటలో ఉంది. ఆ ఊట ఎండాకాలం కాస్త నీడలోకి, చలికాలం కాస్త ఎండలోకి జరుగుతుంటుంది. ఉత్తరాలు తెచ్చేవాడు బండి ఆపి, "ఇవాళ మీ ఊట పెద్దరాయి పక్కకొచ్చిందమ్మోయ్" అని చెప్పి పోయేవాడు.

అక్కడ నేల వాషింగ్టన్‌లోని కేంద్రానిది, నీళ్ళు రాష్ట్రానివి. మామగారి కాలం నుంచీ ఆ రెండింటి మధ్యలో మూతి పెట్టి ఇరిగారై వాళ్ళ గొర్రెలు హాయిగా తాగుతూ వచ్చాయి. ఆ శరదృతువులో కేంద్రపు అధికారి పిట్‌మన్ వచ్చి ఊట చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. "గడ్డి వేళ్ళతో సహా పోయిందమ్మా, కోలుకోనివ్వాలి. లోపల ఒక్క గిట్ట పడినా మీ మేత పర్మిట్ రద్దు" అన్నాడు. అబద్ధం కాదు, గడ్డి నిజంగానే పోయింది. మర్నాడు రాష్ట్రపు నీటి అధికారి హార్లన్ వచ్చాడు. "నీళ్ళు వాడుకునేవాళ్ళవే. మంద తాగడం మానేస్తే మీ హక్కు పోతుంది, ఆ నీళ్ళ కోసం గనివాళ్ళు కాచుకుని ఉన్నారు" అన్నాడు. అదీ అబద్ధం కాదు. ఊటేమో గొర్రెకన్నా పిరికిది. ముళ్ళు చూసి ముడుచుకుని, జానెడైనా జరగడం మానేసింది.

"లోపలికి పోతే మేత పోతుంది, పోకపోతే నీళ్ళు పోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏం చేద్దాం వదినా?" అన్నాడు బెట్రి.

"చేసేదేముంది? శనివారం ఇద్దరూ తనిఖీకి వస్తారట. ఆ రోజు మంద తాగిందా సరే. లేదా, మందను అమ్మేయడమే."

"అమ్మేసి?"

"నీ మొహం చూస్తూ కూర్చుంటాను. పోయి నిప్పులు చెయ్యి, రొట్టె కాల్చాలి."

శనివారం ఇద్దరూ వచ్చారు. చిన్నప్పుడు ఒకే బడి, ఇప్పుడు ఒకే చర్చి. కంచెకు చెరోవైపు నిలబడ్డారు.

"హార్లన్, నీ నీళ్ళు నా నేల మీద ఎందుకు కూర్చున్నాయిరా?"

"నీ నేల నా నీళ్ళ కింద ఎందుకు దూరిందో ముందు అది చెప్పు."

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయని ఊరికే అన్నారా! ఇక్కడ నలిగేది కత్తలిన్ మందే. అయినా ఇంటికొచ్చినవాళ్ళను ఆకలితో ఉంచడం స్పెయిన్ కొండల నుంచి వలస వచ్చిన బాస్కుల ఇంటావంటా లేదు. బెట్రి నిప్పుల గోతిలోంచి ఇనప కుండ పైకి తీశాడు. బండిచక్రమంత రొట్టె! దాని వాసనకు రోడ్డు మీద పోయే లారీలు వేగం తగ్గించాయి. ఆవిడ రొట్టె అడుగున కత్తితో శిలువ గీసి మొదటి ముక్క కోసింది.

మొదటి ముక్క కుక్కది. తాతల నాటి ఆచారం. కానీ ఎదురుగా ఇద్దరు అధికారులు. కేంద్రానికి ముందిస్తే రాష్ట్రానికి కోపం, రాష్ట్రానికిస్తే కేంద్రానికి. ఆ కంగారులో ఆ ముక్కనే రెండుగా విరిచి ఒకేసారి చెరొకరి చేతిలో పెట్టేసింది.

"వదినా! కుక్క!" అన్నాడు బెట్రి. అప్పటికే ఇద్దరూ నములుతున్నారు.

బెల్చ వాళ్ళ దవడలకేసి చూసింది. దాని లెక్కలో రొట్టె ముక్క అందిందంటే ఆనాటి పని అయిపోయినట్టు. అందలేదంటే ఎక్కడో ఏదో తప్పిపోయి బయటే ఉన్నట్టు. లేచి మందను చుట్టి వచ్చింది. అన్నీ ఉన్నాయి. ముక్కు పైకెత్తి గాలి పీల్చి, తిన్నగా కంచె కింద నుంచి లోపలికి దూరింది.

పొట్ట నేలకానించి, కళ్ళు ఊట మీదే నిలిపి, అడుగులో అడుగు వేసుకుంటూ దాని వెనక్కి చేరింది. ఊట ఒకసారి వణికింది. ఎడమకు జారబోతే బెల్చ అటు అడ్డం పడింది, కుడికి జారబోతే ఇటు. ఇక దారిలేక ఊట తన నాచునీ, కప్పలనీ, గులకరాళ్ళనీ కూడగట్టుకుని లేచి కదిలింది. కింది తీగను తడుపుతూ కంచె దాటి, రోడ్డు వారనున్న పల్లంలోకి వచ్చి రొప్పుతూ నిలబడింది.

"రోడ్డు వార ఎవరిది?" అడిగాడు పిట్‌మన్.

"రాష్ట్రానిదే" అన్నాడు హార్లన్, నోట్లో ముక్క మింగుతూ.

కత్తలిన్ ఈల వేసింది. ఎనిమిది వందల మూతులు ఒక్కసారే నీళ్ళలో పడిన ఆ చప్పుడుకు ఎల్కో ఊళ్ళో జనం వానొచ్చిందనుకుని ఆరేసిన బట్టలు తీసేశారట.

పిట్‌మన్ కంచె చుట్టూ వంగి వంగి వెతికాడు. "గిట్ట గుర్తు ఒక్కటీ లేదు. కుక్కకు ఉండేవి పంజాలే. నాకేం అభ్యంతరం లేదు."

హార్లన్ బుర్ర గోక్కున్నాడు. "నాకో చిక్కుంది. మా మ్యాపులో ఊట ఉండాల్సిన చోటు ఇది కాదే."

"హక్కు నీళ్ళ మీదా నాయనా, గుంట మీదా?" అంది కత్తలిన్.

"నీళ్ళ మీదే."

"మరి అవి తాగుతున్నదేమిటి, పాలా?"

పిట్‌మన్ పగలబడి నవ్వాడు. హార్లన్ కూడా నవ్వి, మోకాళ్ళ మీద కూర్చుని దోసెడు తాగి చూశాడు. "నీళ్ళే" అని తేల్చాడు.

కత్తలిన్ రొట్టెలో పెద్ద ముక్క కోసి బెల్చ ముందు పెట్టింది. అది తిని అక్కడే పడి నిద్రపోయింది. ఊట కూడా కుదురుగా దాని పక్కనే సర్దుకుంది.

బళ్ళు రెండూ వెళ్ళిపోయాక ఆవిడ మందనంతా ఒక్క చూపుతో తడిమింది. తాగి తాగి పొట్టలు గుండ్రంగా ఊగుతున్నాయి.

"బెట్రీ, పొట్టేళ్ళ దొడ్డి తలుపు తియ్యి."

బెట్రి నోరు తెరిచాడు. అమ్మేసే మందలోకి పొట్టేళ్ళను ఎవరూ వదలరు. "అంటే వదినా, వసంతానికి మనకు పిల్లలే పిల్లలు!"

"అంటే తలుపు తియ్యమని. ఈ ఒక్క పనీ చెడగొట్టకు" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.