ఎదురింటి కర్టెన్లు

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో మా ఎదురింట్లో మిసెస్ ఆక్రాయిడ్ ఒంటరిగా ఉండేవారు. ఎనభై ఆరేళ్లు. "చావంటే భయం లేదు. పడిపోతే ఎవరూ చూడరేమోనని భయం," అన్నారోసారి. ఓ కన్నేసి ఉంచుతానని మాటిచ్చాను.

"ఒక్కటి చాలమ్మా గ్లెనిస్. రెండోది మీ ఆయన మీద ఉంచుకో," అన్నారు.

ఏర్పాటు తేలికే. చీకటి పడగానే ఆవిడ ముందుగది కర్టెన్లు మూస్తారు, పొద్దున ఎనిమిదికల్లా తీస్తారు. తీసి ఉంటే కులాసా. మూసి ఉంటే నేను నా దగ్గరున్న తాళంచెవి పట్టుకుని పరుగెత్తాలి.

ఆ మంగళవారం పొద్దున కర్టెన్లు తీసే ఉన్నాయి. మా వంటింటి కిటికీలోంచి గిన్నెలు తుడిచే గుడ్డ ఊపి, టీ తాగాను. బుధవారమూ తీసే ఉన్నాయి. మళ్లీ ఊపాను.

"ఆవిడ తిరిగి చెయ్యి ఊపిందా?" అన్నాడు మా ఆయన.

"ఊపడానికి ఆవిడేమన్నా మహారాణా?" అన్నాను.

గురువారం ఆవిడ గుమ్మంలో మూడు పాలసీసాలు చూశాక గాని తాళంచెవి తియ్యలేదు.

సోమవారం సాయంత్రం కర్టెన్లు మూయబోయే ముందే పడిపోయారట. అవి తీసినవి కావు, మూయనివి. బుధవారం దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు.

అందరూ వెళ్లాక, ఆవిడ పడిన చోట నేల మీద కూర్చుని బయటికి చూశాను. మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉండటంతో, మా వంటింటి కిటికీ అక్కణ్ణుంచి చక్కగా కనిపిస్తోంది. ఆ రెండు రోజులూ పొద్దున ఆవిడ నన్ను చూసే ఉంటారు. నేను కర్టెన్లను చూశాను.