ఎర్రదారం ఉన్నవాటి సంగతి

వేరు ఊడేటప్పుడు ఒక చప్పుడవుతుంది.

చిన్న చప్పుడు. నానిన గుడ్డ చిరిగినట్టు. వంగి చెవి ఒగ్గితేనే వినపడుతుంది — మన్ను తన పట్టు వదిలే చప్పుడు.

అతనికి ఆ చప్పుడంటే ఇష్టం.

నిన్న మధ్యాహ్నం మొక్కలు పెంచే అద్దాల ఇంటి వెనక మడిలో దాన్ని ముప్ఫై ఒక్కసార్లు విన్నాడు. రెండు వేళ్ళతో మొదలు పట్టుకుని, మూడో వేలు మన్నులోకి గుచ్చి, గుంజకుండా, తొందరపడకుండా... పీచు వేరు కూడా తెగకుండా. కంపెనీలో ఇనుము చెక్కే లేతు మిషను మీద ఇరవై రెండేళ్ళు పనిచేసిన చేతులవి. వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసే చేతులు.

కంపెనీ మూతపడ్డాక ఆ చేతులకు పని లేదు.

చేతుల వెనకున్న మనిషికీ లేదు.

అందుకే తోట. ఊరి నడిబొడ్డున మొక్కల తోట. వెయ్యి రకాల చెట్లు, చెట్టుకో రేకు, రేకు మీద నోరు తిరగని పేరు. జీతగాళ్ళు నలుగురే. మిగతా పనంతా వలంటీర్లది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదకొచ్చే వాళ్ళంతా పొద్దున్నే వచ్చి ఊరికే చేసిపెడతారు. గేటు దగ్గర బోర్డుంది — 'ఇక్కడ అందరమూ సమానమే' అని. చదువుకున్నవాళ్ళు రాయించి, చదువుకున్నవాళ్ళు చదువుకునే బోర్డు.

ఆరో తరగతిలో బడి మానేసినవాడికి జనాన్ని వెంటబెట్టుకుని తోట చూపించే పని ఇవ్వరు. రేకుల మీద పేర్లు రాసే పని ఇవ్వరు.

కలుపు ఇచ్చారు.

కలుపు... చిత్రమైన మాట. మనిషిని మనిషితో కలపమన్నా అదే మాట. పీకి పారేసేదీ అదే మాట.

అయినా వచ్చాడు. పాడైపోయిన నీళ్ళ పంపు ఒకసారి బాగుచేసి పెట్టాడు. అప్పటినుంచి అందరూ "మాస్టారూ" అంటారు. ఇంట్లో ఆ మాట లేదు. ఇంట్లో బావమరిది ఉన్నాడు. అక్క చేతి అన్నంలోకి బావను నంజుకు తినేవాడు.

నిన్న మధ్యాహ్నమూ అంతే.

"బావా, పొద్దస్తమానం ఆ తోటలో ఏం పీకుతున్నావో కాస్త చెప్పరాదూ?"

"కలుపు," అన్నాడు ఇతను.

భార్య ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో అతనికి అర్థం కాలేదు. కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. తన వంతు కాకపోయినా తోటకు నడిచాడు. ఆ వేళప్పుడు వెనక మడి దగ్గర ఎవరూ లేరు.

మడి నిండా బెత్తెడు మొక్కలు. అన్నీ ఒక్కలాంటివే. కొన్నిటి మొదళ్ళకు మాత్రం ఎర్రదారం.

పెద్దమాలి పోయిన వారమే చెప్పాడు. తోటలోనే నెరిసిన మనిషి. రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే గొప్ప. మడి దగ్గర నిలబడి, తలపాగా సర్దుకుని —

"ఎర్రదారం కట్టినవి ఉన్నాయి. వాటి సంగతి కాస్త చూడండి."

అంతే. వెళ్ళిపోయాడు.

కంపెనీలో ఎరుపంటే ఒకటే అర్థం. కొలత తప్పింది. తుక్కు. ఎర్రచుక్క పడ్డ ముక్కను ఫోర్‌మన్ బూటుతో తోసి అనేవాడు: "దీని సంగతి చూడు." చూడడమంటే తుక్కుగుట్టలో పడేయడం. ఆఖరి రోజున అతని సంగతీ అలాగే చూశారు.

ఎర్రదారం ఉన్నవాటి సంగతి చూశాడు.

దారం లేనివాటికి నీళ్ళు పోశాడు. ఒక్కొక్కదానికీ వంగి, చేత్తో మట్టి ఎగదోసి... పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. పీకినవన్నీ తట్టలో ఎత్తి ఎరువు కుప్ప మీద వేశాడు. ఎవరో వచ్చి ఆశ్చర్యపోతారనుకున్నాడు. ఇంత శుభ్రంగా ఎవరు చేశారబ్బా అంటారనుకున్నాడు.

ఇవాళ తొమ్మిదింటికి వచ్చేసరికి పెద్దమాలి మడి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

తలపాగా చేతిలో ఉంది.

వలంటీర్లంతా చుట్టూ మూగారు. ఆయన వాళ్ళతో కాదు, మన్నుతో చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. తల్లి చెట్టు నాలుగేళ్ళ కిందట గాలివానకు కూలిపోయింది. అలాంటిది తోటలో ఇంకొకటి లేదు. ఆ చెట్టు గింజలు మూడేళ్ళపాటు మొలవలేదు. నాలుగో ఏడు మొలిచాయి. వాటి పక్కనే, అచ్చం వాటిలాగే, కలుపు మొలిచింది. పిల్లకూ కలుపుకూ తేడా తెలియాలని దారాలు కట్టాడు.

"ముప్ఫై ఒకటి," అన్నాడు. "కలుపు మాత్రం బలే ఉంది. నీళ్ళు కూడా పోశారు."

అప్పుడు తెలిసింది అతనికి.

కాళ్ళ కింద నేల ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. ఎవరూ తనవైపు చూడడం లేదు.

అందరూ వంతుల పట్టీ వైపు చూస్తున్నారు. నిన్న ఆ మడి టీచరమ్మది.

రిటైరైన టీచరమ్మ. పొద్దున వచ్చి మడి అంచున కలుపు తీసి, పన్నెండింటికి వెళ్ళిపోయింది. నెల కిందటే కంటికి ఆపరేషనైంది. అతన్ని "తమ్ముడూ" అంటుంది. తోటలో ఆ మాట అనేది ఆవిడొక్కతే.

తోట ఆఫీసరు మేడమ్ ఫైలుతో వచ్చింది. చిన్న వయసు, మెత్తటి గొంతు. మెత్తటి గొంతుతోనే అడిగింది.

"టీచర్‌గారూ, మీకు దారాలు కనపడ్డాయా?"

"కనపడ్డాయమ్మా... కనపడ్డాయనే అనుకున్నా." ఆవిడ తన చేతుల్ని తిప్పి చూసుకుంది, ఎవరివో చూసినట్టు. "ఈ కంటికి ఎరుపు ఒక్కోసారి నల్లగా ఉంటుంది. నేను తీసినవి అంచువే... ఏమో. ఇప్పుడు గట్టిగా చెప్పలేను."

ఏమో అంది. ఆ ఒక్క మాటతో తప్పు తన కొంగున కట్టుకుంది.

ముప్ఫై అయిదేళ్ళు పిల్లల్ని నిలబెట్టిన మనిషి. లెక్క రానివాణ్ణి, పలక మరిచిపోయినవాణ్ణి. ఇప్పుడు మడి పక్కన తనే నిలబడింది, చీర కుచ్చిళ్ళకు మన్నంటుకుని. ఎవరూ కూర్చోమనలేదు.

టీచర్లను నిలబెడితే చూడాలని అతనికి చిన్నప్పటినుంచీ ఉండేది.

ఇప్పుడు చూస్తున్నాడు.

బాగాలేదు.

మేడమ్ మెల్లగా చెబుతోంది... ఇకనుంచి టీచర్‌గారు నర్సరీలోకి రానక్కర్లేదని. గేటు దగ్గర కుర్చీ వేయిస్తామని. కుర్చీ అంటే తెలుసు అతనికి. కంపెనీలోనూ ముందు కుర్చీ వేశారు. తరవాత కుర్చీ తీసేశారు.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

చెబితే? మాస్టారూ అనే నోళ్ళన్నీ ఒక్కసారిగా మూతపడతాయి. రేపటినుంచి పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? సాయంత్రం బావమరిది ముందు ఏ మొహంతో కూర్చోవాలి? తేలు కుట్టిన దొంగలా వెనక వరసలో నిలబడ్డాడు. అయిదు నిమిషాలు. పది. అరగంట. మేడమ్ రాస్తోంది. టీచరమ్మ నిలబడే ఉంది.

గంట గడిచింది.

అప్పుడు వెనకనుంచి ఆ మోత మొదలైంది.

ఎరువు కుప్పను ముక్కలు చేసే మిషను. పదింటికి వేస్తారు. చివరి కుప్పనుంచి మొదలుపెట్టి ఇటు వస్తారు.

మొక్కలు చచ్చాయని అందరూ అనుకుంటున్నారు. ఎక్కడున్నాయని కూడా ఎవరూ అడగలేదు. పీకిన మొక్క చచ్చినట్టే కదా... కానీ వేళ్ళు తెగలేదు. ఆ సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు. ముప్ఫై ఒక్కసార్లు చెవి ఒగ్గి విన్నవాడికి.

మోత దగ్గరైంది.

పరుగెత్తాడు.

మిషనువాడు చేటంత మొహం చేసుకుని నవ్వాడు. "ఏంటి మాస్టారూ, ఉంగరం పడేసుకున్నారా?"

"ఆపు!"

"మేడమ్ చెప్పాలండీ, నేనెలా ఆపుతా?"

"ఆపరా నాయనా, నీకు దండం పెడతా!"

వాడు నవ్వు మింగేసి ఆపాడు. ఇతను కుప్ప మీదకు ఎక్కాడు. చేతులు మోచేతులదాకా దింపాడు. నిన్న సాయంత్రం ఎవరో మీద తడి ఆకులు కుమ్మరించారు. లోపల వెచ్చగా ఉంది. వేళ్ళకు పుల్ల... పుల్ల... పీచు... దారం.

ఎరుపు.

ఒకటి. నాలుగు. తొమ్మిది. కుప్పకు ఒక పక్క అప్పటికే మిషను నోట్లోకి పోయింది. అటువైపు ఎన్ని ఉన్నాయో అనుకోకుండా వెతికాడు. చొక్కా విప్పి పక్కనున్న నీళ్ళ తొట్టిలో ముంచి, దొరికినదాన్ని దొరికినట్టు అందులో చుట్టాడు.

ఇరవై ఆరు. ఇంకో అయిదు లేవు.

తడి చొక్కా పొట్టకు హత్తుకుని బనియనుతో నడిచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. మడి ముందు గుడ్డ విప్పాడు. వాడిన ఆకులు, ఎర్రదారాలు.

"నేనే పీకాను."

ఎవరూ నవ్వలేదు. ఇంట్లో అయితే నవ్వేవారు.

"ఎరుపంటే తీసేయమనేమో అనుకున్నా. సంగతి చూడమన్నారు కదా... మా కంపెనీలో అలాగే..." మాట తెగిపోయింది. వేరు తెగనివాడికి మాట తెగింది.

టీచరమ్మ అతన్ని చూసింది. మంచి కన్నుతో చూసిందో, ఆపరేషను కన్నుతో చూసిందో.

"నీకెప్పుడు తెలిసింది?"

"వచ్చినప్పుడే."

"వచ్చినప్పుడే!" ఆవిడ గొంతు పగిలింది. "గంటసేపు నేనిక్కడ నిలబడితే చూస్తూ ఉన్నావా? నా కళ్ళు పోయాయనుకున్నానయ్యా. నా మతి పోయిందనుకున్నా!"

తమ్ముడూ అనలేదు. అయ్యా అంది.

పెద్దమాలి ఒక మొక్క తీసుకున్నాడు. వేరు వైపు తిప్పి, వెలుగుకు ఎత్తి, చాలాసేపు చూశాడు. పీచు కూడా అలాగే ఉంది, జడ విప్పినట్టు.

"ఎవడు నేర్పాడు నీకిలా పీకడం?"

మెచ్చుకున్నాడా, తిట్టాడా? ఆ గొంతులో ఏమీ లేదు.

గుంటలు తీశారు. ఇరవై ఆరూ పెట్టారు. ఎండ అద్దాల ఇంటి కప్పు దాటి మడి మీదకు దిగుతోంది. అవి చావడానికి గంట ఎండ చాలు. పందిరి వేసే వ్యవధి లేదు. పెద్దమాలి ఒక గోనెపట్టా తెచ్చి ఒక అంచు గోడ మేకులకు తగిలించాడు. రెండో అంచు అతనికిచ్చాడు.

"పట్టుకో."

ఎంతసేపని అతను అడగలేదు. ఆయన చెప్పలేదు.

చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

మేడమ్ ఫైలులో ఏదో కొట్టేసి, ఏదో రాసింది. అతనికి తలకిందులుగా కనపడుతోంది. తిన్నగా కనపడినా కూడబలుక్కుని చదివేసరికి ఆమె మూసేసేది. మూసేసి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. భుజాలు లాగుతున్నాయి. చంకలోంచి చెమట కారి నడుము దాకా పోతోంది.

టీచరమ్మ వెళ్ళలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చింది. మోకాళ్ళు పట్టేసినా వంగి, మొదలు మొదలుకీ పోస్తోంది. అతని పక్కనుంచే వెళుతోంది, పక్కనుంచే వస్తోంది. అతని నీడలోంచే నడుస్తోంది.

"అక్కా," అన్నాడు ఒకసారి.

చెంబు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

మొక్కలు పడుకునే ఉన్నాయి. లేస్తాయో లేదో సాయంత్రానికి గాని తెలియదు. సాయంత్రానికైనా తెలుస్తుందో లేదో.

మన్ను నీళ్ళు పీల్చేటప్పుడు కూడా ఒక చప్పుడవుతుంది.

వంగి చెవి ఒగ్గితేనే వినపడుతుంది... అతను వంగడానికి లేదు.