హద్దు కేక

కొలతల గొలుసు రెండో కొస పట్టుకుని యేసుదాసు తుమ్మముళ్ల మీదుగా నడుస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు. అరవై ఆరు అడుగుల ఇనుము. బిర్రుగా లాగాలి, ఎక్కడా మెలి పడకూడదు. ముప్ఫై నాలుగేళ్లుగా ఊరి వెట్టిగా లాగుతున్నాడేమో, అరచేతుల్లో గొలుసు కడియాల అచ్చులు పడిపోయాయి.

లాగడం సగం పని. మిగతా సగం కేక. హద్దు దగ్గర నిలబడి సర్వేయరు "ఎవరిది?" అంటే, ఆసామి పేరు నలుగురికీ వినపడేట్టు అరవాలి. ఆ కేకనే సర్వేయరు పుస్తకంలో రాసుకుంటాడు. గొలుసు పట్టిన మొదటిరోజు, పదహారేళ్లప్పుడు, ఆసామి పేరు చివర "గారు" మర్చిపోయాడు. ఆ ఆసామి ముల్లుకర్రతో కొడితే ఎడం చెవి సగం తెగి మెడ మీద వేలాడింది. వాళ్లమ్మ పసుపు అద్ది అతికించింది గానీ వినికిడి తిరిగి రాలేదు. మళ్లీ ఇంతవరకూ యేసుదాసు "గారు" మర్చిపోలేదు.

ఉప్పెన వచ్చిన రెండో ఏడు అది. పాలకాయతిప్ప వైపు నుంచి సముద్రం వచ్చి పల్లెలో సగంమందిని ఎత్తుకుపోయింది. మిగిలిన ఇరవై నాలుగు ఇళ్లకీ అరెకరం చొప్పున, భూమి సీలింగులో మిగులుగా తేలిన రామబ్రహ్మం పొలం పన్నెండెకరాలు పంచమని ఆర్డరు వచ్చింది. అందులో యేసుదాసుదీ ఒక ముక్క. పొద్దుగూకేలోగా హద్దురాళ్లన్నీ పడితే పట్టాలు చేతికొస్తాయి. ఒక్క రాయి మిగిలినా రేపు కోర్టు స్టే వచ్చేస్తుంది. ఆ సంగతి రామబ్రహ్మమే గట్టు మీద కుర్చీ వేయించుకుని చెబుతున్నాడు.

"ఏరా యేసుదాసూ! మా పొలం మీకే కొలుచుకుంటన్నావా?"

"చిత్తమండీ."

ఆడవాళ్ల గుంపులోంచి అతని పెళ్లాం రూతు అంది: "చిత్తమేంటయ్యా చిత్తం? నీ నోట్లో ఇంకో ముక్కే పుట్టదా?"

అందరూ నవ్వారు. యేసుదాసు కూడా నవ్వాడు.

ఎండ వాలేసరికి చివరి రాయి మిగిలింది. అది యేసుదాసు ముక్కదే. బందరు నుంచొచ్చిన సర్వేయరు ఖుద్దూస్ పెన్ను తీసి, అలవాటు ప్రకారం అడిగాడు.

"ఎవరిది?"

"రామబ్రహ్మం గారిదండీ!"

యేసుదాసు గొంతు పొలమంతా వినపడింది. ఒక్కరూ నవ్వలేదు. రామబ్రహ్మం తొడ చరిచాడు.

"రాసుకో సాయిబూ! మీ వెట్టోడే చెప్పాడు. వాడి కేకే కదా మీకు సాక్ష్యం?"

ఖుద్దూస్ పెన్ను ఆపాడు. "యేసుదాసూ, నువ్వు అరిచిందే నేను రాయాలి. మళ్లీ అడుగుతున్నా. ఎవరిది?"

యేసుదాసు పెదాలు తడుపుకున్నాడు. రూతు వైపు చూశాడు. ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"రామబ్రహ్మానిది కాదు," అని అరిచాడు. "నాది! యేసుదాసుది!"

పన్నెండెకరాలు పోతున్నా కుర్చీలో కూర్చున్న మనిషి, "గారు" పోయేసరికి లేచాడు.

"ఎంత పొగరురా నీకు?"

అతని మనుషులు నలుగురు ఆ మాట కోసమే ఉన్నట్టు దిగారు. మొదటి దెబ్బ గునపంతో మోకాలి మీద. ఎముక విరిగిన చప్పుడు గట్టు దాకా వినపడింది. పడ్డవాణ్ణి గొలుసు మడిచి వీపు మీద కొట్టారు. కడియం కడియానికీ చర్మం ఊడొచ్చింది. అడ్డమొచ్చిన ఖుద్దూస్‌ని మొహం మీద గుద్దారు. గునపం రెండోసారి పక్కటెముకల్లో దిగింది. అప్పటికి ఆడవాళ్లు కొడవళ్లతో వచ్చిపడ్డారు. ఒకడి చెయ్యి తెగింది. మిగతావాళ్లు పరిగెత్తారు. రామబ్రహ్మం కుర్చీ బోర్లా పడి ఉంది.

ఎడ్లబండి మీద అవనిగడ్డ తీసుకెళ్తుంటే యేసుదాసు తల రూతు ఒళ్లో ఉంది. ముక్కులోంచి నురగ నెత్తురు వస్తోంది.

"రాసుకున్నాడా, సాయిబుగారు?"

"రాసుకున్నాడయ్యా. నీదనే రాశాడు. మాట్లాడమాక."

కాలవ వంతెన ఎక్కేటప్పుడు బండి కుదిపింది. దిగేటప్పటికి రూతుకి ఒళ్లో బరువు మారినట్టనిపించింది. ఆమె చేత్తో అతని కళ్లు మూసింది. తరువాత, "ఎనక్కి తిప్పండి," అంది. "ఇంటికి కాదు. పొలానికి."

కన్ను వాచిపోయిన ఖుద్దూస్ చివరి రాయికి తీసిన గుంట పక్కనే కూర్చుని ఉన్నాడు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. పల్లెవాళ్లు రాయి ఎత్తారు.

"ఆగండి," అంది రూతు. పల్లెకి పరిగెత్తి, తిరిగొచ్చి కొంగు విప్పి గుంటలో ఏదో పోసింది. వెట్టివాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన పనే అది. రాయిని ఎవడైనా పీకేయొచ్చు. కింద వేసింది మాత్రం మట్టిలో కుళ్లదు, కొట్టుకుపోదు, వందేళ్ల తర్వాత తవ్వినా హద్దు చూపిస్తుంది.

రాయి దింపి, మట్టి తొక్కి, అందరూ శవం దగ్గరికి వెళ్లిపోయారు. మోకాలెత్తు రాయి కింద, పొద్దున యేసుదాసుకి గంజి కాచిన పొయ్యిలోని బొగ్గులు, ఇంకా కాస్త వెచ్చగా.